సలహాలు, అభ్యంతరాలు, రమాకాంత్

రమాకాంత్‌కు ఒకే ఒక్క జబ్బు ఉంది. ప్రభుత్వం ఎక్కడైనా, ఏ కాగితం మీదైనా, ‘ప్రజలు తమ సలహాలు, అభ్యంతరాలు తెలుపవచ్చు’ అని రాసిందంటే, ఆ ప్రజలు అంటే తనేనని ఆయన నమ్ముతాడు. మనలాంటి వాళ్లం ఆ వాక్యాన్ని చూసీ చూడనట్టు దాటేస్తాం. ఆయన దాటలేడు. ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలిచినంత మర్యాదగా వినిపిస్తుంది ఆయనకది. అంత మర్యాదగా పిలిచాక పోకపోతే ఏం బాగుంటుందని అడుగుతాడు.

మహబూబాబాద్‌లో స్టేషన్‌కు పోయే దారిలో ఆయన దుకాణం. దారాలు, గుండీలు, జిప్పులు, లేసులు, తండాల ఆడవాళ్లు కుట్టుపనికి వాడే అద్దం బిళ్లలు, గవ్వలు అమ్ముతాడు. పొద్దున పేపరు రాగానే లోకమంతా మొదటి పేజీ చదువుతుంటే, ఈయన లోపలి పేజీల్లో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే ప్రకటనలను భూతద్దం పెట్టి వెతుకుతాడు. ఊరు ఆయనకు ‘అభ్యంతరాల రమాకాంత్’ అని పేరు పెట్టుకుంది. ఆ పేరు మీద కూడా ఆయనకు అభ్యంతరముంది. సలహాలు కూడా ఇస్తాను కదా, సగమే ఎందుకు చెప్తారని.

కోడలు హిమజకు ఈ సంగతి పెళ్లికి ముందే తెలిసింది. మూడేళ్ల కింద కొడుకు రాహుల్ పెళ్లి కుదిరినప్పుడు, శుభలేఖ అచ్చుకు పంపే ముందు రమాకాంత్ దాని ముసాయిదా ఒకటి తయారుచేసి రెండు వైపుల చుట్టాలందరికీ పంపాడు. అడుగున, ‘పై విషయంపై అభ్యంతరములున్నవారు పదిహేను రోజులలోగా రాతపూర్వకముగా తెలుపగలరు’ అని రాశాడు.

భూపాలపల్లిలో అది చదివిన హిమజ తండ్రి కంగారుపడ్డాడు. పెళ్లి మీద ఎవరికి అభ్యంతరం? పిల్ల మీదనా, కట్నకానుకల మాట మీదనా? మర్నాడు మొదటి బస్సుకే మహబూబాబాద్‌లో దిగాడు. రమాకాంత్ ఆయనను చూసి పొంగిపోయి, కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, ఎదురుగా కూర్చుని అడిగాడు.

“రాసి తెచ్చినవా బావా?”

అది అచ్చుతప్పుల గురించేనని రమాకాంత్ భార్య కనకమ్మ సర్దిచెప్పడానికి రెండో చాయ్ దాకా పట్టింది. చివరికి గడువులోగా వచ్చిన అభ్యంతరం ఒకటే. తన పేరు తోడికోడలి పేరు కింద పడిందని హిమజ మేనత్త పంపింది. రమాకాంత్ దాన్ని ఆమోదించి, ఇద్దరి పేర్లూ ఒకే వరసలో పక్కపక్కన వేయించాడు. అప్పుడు ఎవరు కుడి, ఎవరు ఎడమ అని ఇంకో గొడవ వచ్చింది గానీ, అప్పటికి గడువు దాటిపోయింది.

కనకమ్మ మాత్రం ఆయనతో వేగడం నేర్చుకుంది. ఆయన ఉత్తరాలకు ఆఫీసుల నుంచి వచ్చే జవాబుల్లో నూటికి తొంభై తొమ్మిది ఒకటే మాట అంటాయి. ప్లాట్‌ఫారం మీద రైళ్ల పేర్లు కొంచెం నిదానంగా, రెండుసార్లు చదవాలని ఆయన రాస్తే వచ్చిన జవాబు కూడా అదే. దాన్ని ఆయన అద్దం కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాడు. ఆ మాట కనకమ్మకు కంఠతా వచ్చేసింది. పప్పులో పులుపు తక్కువైందని ఆయన అన్నప్పుడల్లా గరిటె కూడా ఆపకుండా జవాబిస్తుంది.

“మీ సలహా పరిశీలనల ఉన్నది.”

జనగామ సంగతి అయితే రైలుపెట్టెలో ప్రయాణికులు కూడా చెప్పుకున్నారు. బస్సుల వేళల మీద ప్రజాభిప్రాయం వింటామని అక్కడ ఒక సభ పెట్టారు. నూరు కుర్చీలు వేశారు, నూరు సమోసాలు తెప్పించారు. వేదిక మీద ముగ్గురు అధికారులు, కింద రమాకాంత్. ఆయన పద్నాలుగు అంశాలు చదివాడు. చివర ఒక అధికారి ముందే రాసుకొచ్చిన కాగితం తీసి, ‘అధిక సంఖ్యలో తరలివచ్చిన ప్రజలకు’ ధన్యవాదాలు చెప్పాడు. రమాకాంత్ లేచి, వెనక తొంభై తొమ్మిది ఖాళీ కుర్చీల వైపు ఒకసారి చూసి, ప్రజల తరఫున తిరుగు ధన్యవాదాలు చెప్పాడు. ఆ సాయంత్రం జనగామ నుంచి మహబూబాబాద్ దాకా ఒక పెట్టె పెట్టెంతా ప్రజల సమోసాలు తిన్నది.

ఈ ఉత్తరాలన్నీ టైపు చేసేది హిమజ. ఆమె డిగ్రీ చదివింది, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది, తప్పించుకునే దారి లేదు. ఆయన గది ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూ చెప్తుంటే, తొమ్మిది పేజీలకు తగ్గకుండా కొట్టాలి. మామయ్య మంచివాడని ఆమెకు తెలుసు. కానీ బ్యాంకుకు పోయినా, కూరగాయలకు పోయినా ఎవరో ఒకరు నవ్వు దాచుకుంటూ, మీ మామ ఇయ్యాల దేనిమీద రాస్తున్నడని అడిగేవాళ్లు. ఆమెకు తల వంచుకోవాలనిపించేది. తన పేరు ఆఫీసు కాగితాల మీద చూసుకోవడం ఆయనకు సరదా అని, ఆ సరదాకు తన వేళ్లు అరుగుతున్నాయని ఆమె అనుకునేది.

అలాంటి రోజుల్లో కస్టమ్స్, వాణిజ్య సలహా సంఘం ప్రకటన వచ్చింది. పెద్ద పెద్ద ఎగుమతిదారులతో పట్నాల్లో కూర్చునే ఆ సంఘం, ఈసారి చిన్న పనివాళ్ల మాట వినడానికి జనగామలో సమావేశం పెడుతోంది. ప్రజలెవరైనా రావచ్చు. మాట్లాడదలచినవారు వారం ముందు ఒక పేజీలో విషయం రాసి పంపాలి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు.

హిమజ ఆ పేపరును మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. ఆయన ఇంకో పేపరు కొనుక్కొచ్చాడు.

కస్టమ్స్ అంటే ఓడలు, రేవులు కదా, మన ఊరికి సముద్రం ఎక్కడిదని ఆమె అడిగింది.

“రైలున్నది గద బిడ్డా,” అన్నాడాయన.

తొమ్మిది పేజీలకు సిద్ధపడి ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. ఆయన నడవలేదు. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, విషయం అన్నచోట ఒక్క మాట కొట్టమన్నాడు. ‘సంచి.’

ఆ సంచి కథ ఇది. మరిపెడ పక్కన ఒక తండాలో మోతీబాయి అనే ఆమె, ఇంకో పదకొండు మంది ఆడవాళ్లు కలిసి అద్దాలు, గవ్వలు కుట్టిన చేతిసంచులు చేస్తారు. దారం, అద్దం బిళ్ల అంతా రమాకాంత్ దుకాణం నుంచే. మోతీబాయి కూతురు శోభ ఫోన్‌లో పెట్టిన ఫొటోలు చూసి, విదేశంలో ఒక దుకాణం వాళ్లు సంచులు కావాలన్నారు. ఐదు నెలలు కూర్చుని కుట్టి పార్సిల్ పంపారు. పార్సిల్ ఫారంలో, పెట్టెలో ఏముందన్న గడిలో నింపినవాడెవరో ‘అద్దాలు, సముద్రపు గవ్వలు’ అని రాశాడు. దాంతో కస్టమ్స్ వాళ్ల దగ్గర పార్సిల్ ఆగిపోయింది. గాజు సామాను అయితే ఒక కాగితం, సముద్రపు జీవాల గవ్వలైతే అటవీ శాఖ కాగితం కావాలన్నారు. నెలాఖరులోగా సరుకు చేరకపోతే అక్కడివాళ్లు వద్దంటారు. వద్దంటే ఆ పన్నెండు మంది మళ్లీ మిరపతోటల్లోకి కూలికి పోవాల్సిందే. మోతీబాయి ఇక సూది పట్టుకోనని చెప్పేసింది.

హిమజ పేజీ పూర్తిచేసింది. అందులో ఎక్కడా ఒక్క పెద్ద మాట లేదు. ఇన్నేళ్లలో ఆయన ఒక పేజీలో ఆగడం ఆమె చూడలేదు.

సమావేశం రోజు కాగితాలు పట్టుకోవడానికి ఆమెను కూడా రమ్మన్నాడు. స్టేషన్‌కు పోయేసరికి మోతీబాయి అక్కడ బెంచీ మీద, ఒళ్లో ఒక సంచి పెట్టుకుని, దవాఖానలో సూది కోసం కూర్చున్న మనిషిలాగా కూర్చుని ఉంది.

జనగామలో ఈసారి కుర్చీలు సగానికి పైగా నిండాయి. వేదిక మీద అధ్యక్షురాలు, ఇద్దరు వ్యాపార సంఘాలవాళ్లు, కస్టమ్స్ నుంచి వచ్చిన అధికారి ఒకాయన ఉన్నారు. రమాకాంత్ పేరు పిలవగానే, ముందు వరసలో ఉన్న బస్సుల సభ అధికారి ఒకాయన, పక్కవాళ్ల చెవిలో ఏదో చెప్పి గడియారం చూపించాడు. హిమజ నేల చూపులు చూసింది.

రమాకాంత్ మైకు పట్టుకున్నాడు.

“అధ్యక్షులకు నమస్కారం. నాకు నా మీదనే ఒక అభ్యంతరం ఉన్నది. ఈ సంచి నేను కుట్టలేదు. కుట్టినామె ఈడ ఉన్నది. నా ఐదు నిమిషాలు ఆమెకియ్యుండ్రి.”

సభ నవ్వింది. పేరు నమోదు చేసుకున్నవారే మాట్లాడాలని అధ్యక్షురాలు మెత్తగా చెప్పింది. రమాకాంత్ జేబులోంచి ప్రకటన ప్రతి తీశాడు, భూతద్దం తీశాడు, అట్టడుగున నక్షత్రం గుర్తు పక్కన ఉన్న వాక్యం చదివాడు. విషయం తెలిసిన ఒకరిని మాట్లాడేవారు వెంట తెచ్చుకోవచ్చని అందులో ఉంది. ఆ వాక్యం ఉన్నట్టు వేదిక మీద ఎవరికీ తెలియదు. ప్రతి చేతులు మారి, అందరూ చదివి, మోతీబాయిని రమ్మన్నారు.

ఆమె మైకు ముందు నిలబడింది. చేతిలోని సంచి పట్టెను మెలిపెట్టసాగింది. ఒక నిమిషం అట్లాగే పోయింది. రమాకాంత్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు తప్ప నోరు తెరవలేదు. ఆయన నోరు తెరవకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో మెడనరాలు చూస్తే హిమజకు తెలుస్తూనే ఉంది.

కస్టమ్స్ అధికారి సాయం చేద్దామని, ఇందులో గాజు ఎంత శాతం, గవ్వ ఎంత శాతం, దీన్ని గాజు వస్తువు కింద రాయాలా, గవ్వ వస్తువు కింద రాయాలా అని అడిగాడు. మోతీబాయి ఆయన వైపు కాసేపు చూసింది. పెద్ద చదువు చదివినాయనకు ఇది కూడా తెలియదా అన్న జాలి ఆమె మొహంలో కనిపించింది. దాంతో భయం పోయింది. చేతిలోని సంచిని ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

“ఇది సంచి సారూ. మీ ఇంటామె అంగడికి పోతే భుజానికి ఏసుకునేది. అద్దం ఊడితే గప్పుడు అద్దమైతది. కుట్టినంక సంచే.”

అధ్యక్షురాలు ఆ సంచి తీసుకుని భుజానికి వేసుకుని చూసింది. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టడం మరిచిపోయి, సభ అయ్యేదాకా అట్లాగే కూర్చుంది. కస్టమ్స్ అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. వస్తువు పేరు మొదట, దాని మీది అలంకారం తర్వాత రాసేలా ఆ గడిని మార్చాలని సంఘం రాసిపెట్టుకుంది. ఆగిన పార్సిల్ నంబరు ఆయన అక్కడే అడిగి తీసుకున్నాడు. నెలాఖరుకు రెండు రోజుల ముందు సంచులు చేరాల్సిన చోటికి చేరాయని తర్వాత శోభ ఫోన్ చేసి చెప్పింది.

తిరుగు రైలులో రమాకాంత్ కిటికీ పక్కన మొహం మీద పేపరు కప్పుకుని నిద్రపోయాడు. హిమజ మోతీబాయి పక్కన కూర్చుంది. ఈ ఒక్కసారి మామయ్య రాత పనికొచ్చిందని అన్నది. మోతీబాయి ఆమె వైపు వింతగా చూసింది.

“గివన్నీ సేటు సొంతంగ రాస్తడనుకుంటున్నవా బిడ్డా?”

అప్పుడు చెప్పింది. దుకాణంలో ఆయన దారం కొలుస్తుంటే అందరూ తమ కష్టం చెప్పుకుంటారట. వాళ్ల తండా రాంజీకి చెవులు సరిగ్గా వినబడక రెండుసార్లు బండి తప్పిపోతే, రైళ్ల పేర్లు నిదానంగా చదవమని ఉత్తరం పోయింది. పక్క తండా నీలి చదువుకు పోయే బస్సు అందడం లేదంటే, జనగామ సభలో పద్నాలుగు అంశాల్లో నాలుగు అవే. తమ పేర్లు పెట్టొద్దని వాళ్లే అన్నారట. ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పాలో తెలియదని భయం.

“మరి ఊరంతా నవ్వుతున్నరు గద,” అన్నది హిమజ.

“నేను సేటుతోని గదే అన్న. నవ్వితే నవ్వనీ, నా దిక్కు చూసి నవ్వుతరు, మీ జోలికి రారు అన్నడు.”

హిమజ పేపరు కింద ఊపిరికి ఎగిరిపడుతున్న ఆ మొహం వైపు చూసింది. మూడేళ్లుగా తను కొట్టిన పేజీలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. వాటిల్లో ఎక్కడా ఆయన దుకాణం లేదు. దుకాణం ముందు మోరీ మీది బండ పగిలి రెండేళ్లయింది, గిరాకీలు దూకి వస్తున్నారు, దాని మీద ఒక్క వాక్యం లేదు. ఆ సంగతి ఎందుకు రాయలేదని ఇంటికి వచ్చాక అడిగితే, సొంత పనికి ప్రజల పేరు వాడుకుంటే ఏం మర్యాద బిడ్డా అన్నాడు. ఆ బండ గురించి మర్నాడు హిమజే రాసింది. ఒకటే పేజీ.

సంఘం నుంచి రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. చిన్న పనివాళ్ల తరఫున ఒక సభ్యుడు కావాలని, రమాకాంత్ ఒప్పుకుంటారా అని. ఊరంతా వచ్చి దండ వేయడానికి సిద్ధమైంది. ఆయన ససేమిరా అన్నాడు. లోపల కూర్చుంటే బయట నుంచి రాసేదెవరని అడిగి, తన బదులు మోతీబాయి పేరు పంపాడు. సంఘం ఒప్పుకుంది.

కొత్త గడి ముసాయిదా తయారై, ప్రజల అభిప్రాయానికి బయటికి వచ్చింది. సభ్యురాలు మోతీబాయికి అందిన మొట్టమొదటి అభ్యంతర పత్రం మహబూబాబాద్ నుంచి వచ్చింది. ఎనిమిది అంశాలు.

ఆమె ఆ కవరు పట్టుకుని నేరుగా దుకాణానికే వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

“సేటూ, నీ కాయితం వచ్చింది. ఏం రాసినవో జర చదివి చెప్పు.”

రమాకాంత్ కళ్లజోడు పెట్టుకుని తన ఉత్తరం తనే ఆమెకు చదివి వినిపించాడు. రెండు అంశాలకు ఆమె తలూపింది. కుట్టు రకం, దారం రకం, అద్దం కొలత చెప్పడానికి తొమ్మిది గళ్లు ఉండాలన్న మూడో అంశం దగ్గర చెయ్యెత్తి ఆపింది.

“గది తప్పు. తొమ్మిది గళ్లు పెడితే మేం కుట్టుడెప్పుడు, నింపుడెప్పుడు?”

ఆయన కాస్త బిత్తరపోయాడు. అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా ఇయ్యాలని గొణిగాడు.

“నేను చెప్త, నువ్వు రాయి,” అన్నది మోతీబాయి. “కింద పేరు ఈసారి నాదే పెట్టు.”

హిమజ గల్లాపెట్టె దగ్గర నవ్వు ఆపుకోవడానికి లేసు చుట్ట ఒకటి తీసి ఊరికే కొలవసాగింది. రమాకాంత్ తెల్ల కాగితం తీసి, మార్జిన్ మడిచి, తన మీద తనే అభ్యంతరం రాయడం మొదలుపెట్టాడు. చాలా శ్రద్ధగా రాశాడు. తొమ్మిది పేజీలు వచ్చాయి.