వెనక్కి చూసే డ్రైవరు

అహ్లోన్ పేటలో మా వీధి చివర గది అద్దెకు తీసుకున్న డ్రైవరు, నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూసేవాడు. సైనిక ప్రభుత్వం మీద తిరుగుబాటు రోజులవి. వీధి మొదట్లో వెదురు కంచె కట్టి కాపలా కాస్తున్న మాకు, అలా చూసేవాడు సర్కారు వేగులవాడే అనిపించేది.

పైగా ఓడ పని మీద వెళ్లి అరబ్బు దేశంలో దిగిపోయానని, అక్కడ ఎడారిలో ట్రైలర్ తగిలించిన ఫోర్‌వీల్ జీపు నడిపానని చెప్పేవాడు. దేశం తలుపులన్నీ మూసుకున్న కాలంలో అది ఎవరు నమ్ముతారు? గ్రంథాలయంలో ఎడారుల గురించి దొరికినవన్నీ చదివినవాణ్ని కాబట్టి, అతన్ని పరీక్షించే పని నాకు అప్పగించారు.

"ఇసక దిబ్బ ఎక్కాలంటే ఏటి సేస్తావన్నా?"

"టైర్లలో గాలి తగ్గిస్తాను."

సరైన జవాబే. కానీ ఎడారి చూడని నాకే అది తెలిసినప్పుడు, అతను మాత్రం ఎక్కడో చదివి ఉండకూడదా?

"మరి ఊరికే ఎనక్కెందుకు సూస్తావు?"

"జీపు దిబ్బ దాటేస్తాది తమ్ముడూ. ఎనకాల ట్రైలర్ పక్కకి జారితే జీపుని కూడా లాగేస్తాది. సూసి సూసి అలవాటైపోనాది."

"కతలు బాగానే సెప్తన్నాడు," అన్నాడు మా నాన్న.

ఊరేగింపు మీద కాల్పులు జరిగిన రోజు అందరం తల తిప్పకుండా పరుగెత్తాం. కంచె దగ్గరికి చేరాక చూస్తే నాతో వచ్చిన నాన్న లేడు. కాసేపటికి, ఊరేగింపులో మాతోపాటే ఉన్న డ్రైవరు ఆయన్ని భుజాన వేసుకుని వచ్చాడు. నాన్న కాలు నెత్తురోడుతోంది.

"ఆడి మీద ఒక్క గుండూ పడనేదు, సూశారా?" అని కాపలావాళ్లలో ఎవరో గొణిగారు.

నాన్న విన్నాడు.

"ఎనక్కి సూసినోడు ఆడొక్కడేరా," అన్నాడు.