అమ్మకి ఆలస్యంగా చూపించిన పటమ్దా

టాటానగర్‌లో మా రైల్వే క్వార్టర్ల ముందు ఒకామె కూరలమ్మేది. పటమ్దా వైపు పల్లె నుంచి పొద్దున్నే టెంపోలో వచ్చేది. అమ్మకి హిందీ అంతంత మాత్రం, ఆమెకి తెలుగు అసలే రాదు. అయినా ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకునేవారు. దీపావళి రోజుల్లో తమ ఊళ్ళో ఆడవాళ్ళు ఇళ్ళ గోడలకి రంగుమట్టితో పువ్వులూ నెమళ్ళూ వేస్తారని, వచ్చి చూడమని ఆమె ఏటా పిలిచేది.

"ఒరే, ఓసారి తీసుకెళ్ళవా? గంట దారేనట," అనేది అమ్మ.

"అగలే సాల్, మా." వచ్చే ఏడు చూద్దాంలే అని. అమ్మ తెలుగులో అడిగితే నేను హిందీలో జవాబివ్వడం మా ఇంట్లో మామూలే. పాసు మీద పూరీ వెళ్ళాం, కాశీ వెళ్ళాం. దల్మా కొండల అవతల ఆ పల్లెలో చూడ్డానికేముంది అనుకున్నాను.

ఒకరోజు డ్యూటీకి వెళ్తుంటే కూరలామె నన్ను ఆపింది. "మీ అమ్మ టమాటాలు చేత్తో తడిమి ఏరుకుంటోంది. మీరు గమనించలేదా?" అని హిందీలో అడిగింది. లేదు. అమ్మ ఎవరికీ చెప్పలేదు. నీటికాసులన్నాడు డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదన్నాడు.

ఆ దీపావళి వెళ్ళిన నెలకి ఆటో మాట్లాడి అమ్మని తీసుకెళ్ళాను. డిమ్నా చెరువు దాటాక అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడేటి కనబడతంది? సెప్పు."

"సర్సోం కా ఖేత్."

"అలాక్కాదురా. తెలుగులో సెప్పు."

"ఆవచేను. పూత... పసుపు ఆరబోసినట్టుంది."

అమ్మ తలూపింది. ఆ తర్వాత కొండ వచ్చింది, దాని మీద పొగమంచు, కోసిన వరిమళ్ళలో మేకలు. నలభై ఏళ్ళవాణ్ణి, ఒక్కోదానికీ మాట వెతుక్కుంటూ నత్తినత్తిగా చెప్పాను. ఇంత అందం ఇంత దగ్గర్లో ఉందని నాకే తెలీదు.

ఊళ్ళో కూరలామె ఎదురొచ్చి, అమ్మ వేలు పట్టుకుని గోడ మీద నెమలి మెడ వెంబడి మెల్లగా నడిపించింది. అమ్మ అరచెయ్యి ఆనించి నిమిరింది.

"ఎంత నున్నగా అలికిందో! మా అమ్మా ఇలాగే అలికీది. మాదీ మట్టిల్లేరా."

ఆ సంగతి నేనెప్పుడూ అడగలేదు.

తిరుగుదార్లో టాటానగర్ దగ్గరపడుతుంటే అమ్మ అంది: "సూపున్నప్పుడొత్తే బావుణ్ణు." నిష్ఠూరంగా కాదు, మామూలుగా. నేను మళ్ళీ దారిలో కనబడిందల్లా తెలుగులో చెప్పడం మొదలెట్టాను.

మళ్ళీ వానాకాలంలో అమ్మ పోయింది.

ఆ చలికాలం ఒక్కణ్ణే వెళ్ళాను. కూరలామె మంచం వాల్చి, ఇన్ని మరమరాలు గిన్నెలో పోసి ఇచ్చింది. ఆమె కోడలు గోడకి కొత్త మట్టి పూస్తోంది. తడి ఆరేదాకా అక్కడే కూర్చున్నాను. ఆరాక, అమ్మ చేసినట్టే అరచెయ్యి ఆనించి నిమిరాను.