మూడు పీపలకు కావలి

మృగశిర కార్తె వచ్చిందంటే ఆలేరు స్టేషను ముందరి రఘుపతి హోటల్లో ఐస్‌క్రీము అమ్మకం బందు. నాలుగు చినుకులు పడ్డాక జనం మనసు వేడి చాయ మీదికి పోతుంది. సికింద్రాబాదు నుంచి ఊకలో చుట్టి రైల్లో పంపే మంచుగడ్డలు ఇక వద్దని కబురు వెళ్లేది. అప్పుడు హోటల్లో పనిచేసే ఎల్లస్వామి మూడు ఐస్‌క్రీము మిషన్లనూ పెరట్లో రేకుల కిందికి మోసుకొచ్చేవాడు.

మిషనంటే కరెంటుతో గిర్రున తిరిగేది అనుకునేరు. ఇనుప పట్టీలు బిగించిన టేకు పీప, దాని నడుమ కళాయి పూసిన డబ్బా, పైన పళ్ల చక్రాలు, పక్కన చేతి పిడి. అంతే. డబ్బాలో పాలూ చక్కెరా పోసి, చుట్టూ మంచూ ఉప్పూ కూరి, గంటసేపు పిడి తిప్పితే పాలు గట్టిపడేవి. తిప్పినవాడి రెక్కలు పడిపోయేవి. తినేవాళ్లకు ఆ సంగతితో పనిలేదు.

ఆ ఉప్పే మిషనుకు శత్రువు. చక్రాల సందుల్లో చిటికెడు మిగిలినా వచ్చే ఎండాకాలానికి తుప్పుపట్టి పిడి కదలదు. ఎల్లస్వామి మరిగే నీళ్లతో కడిగి, వేపపుల్లతో ఒక్కో పన్నూ గీకి, ఆరబెట్టి, ఆముదం పట్టించేవాడు. డబ్బాను చింతపండుతో తోమి, తుడిచి, పలచటి గుడ్డ కట్టి బోర్లించేవాడు. ఆ పనిలో అతనికి వంక పెట్టేవాడు ఆలేరులో లేడు. అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా పీపలతో వచ్చింది.

అతనిది పాలమూరు వైపు, ఆత్మకూరు దగ్గర పల్లె. రైలు కట్ట మట్టిపనికి వచ్చిన గుంపుతో వచ్చి, పని అయిపోయాక హోటల్లో పిడి పట్టాడు. మొదటి ఏడు మృగశిరకు రఘుపతి సేటు, ఇక ఊరికి పొమ్మనీ శివరాత్రికి రమ్మనీ చెప్పాడు. ఆ ఏడు ఊళ్లో కరువు. పోతే తినడానికి ఏమీ లేదు. ఎల్లస్వామికి భయం వేసింది. పీపలు ఎండితే చెక్కలు విడిపోతాయనీ, దినం విడిచి దినం నీళ్లు పోసి పారబోస్తుండాలనీ, ఆ లెక్క తెలిసినవాడు కనిపెట్టుకుని ఉండకపోతే మూడూ పొయ్యిలోకే పనికొస్తాయనీ అప్పటికప్పుడు అల్లి చెప్పాడు. సేటు కాసేపు గడ్డం గీరుకుని, సరే ఉండమన్నాడు. వెనక గది, రెండు పూటల తిండి, సగం జీతం.

ఇక చూడండి తమాషా. దినం విడిచి దినం నీళ్లు పోసేవాడు రెండు రోజులకు మించి ఎక్కడికి పోగలడు? ఊరికి పోను ఒక రోజు, రాను ఒక రోజు. తన నోటితో తానే పలుపు పేని మెడకు కట్టుకున్నాడు. నీళ్లు పోయడానికి పట్టేది గడియసేపే. మిగతా పొద్దంతా కట్టెలు కొట్టు, నీళ్లు తోడు, గిన్నెలు కడుగు. అట్లా ఆరు వానాకాలాలు గడిచాయి. ఊరికి రాయించిన ప్రతి జాబులోనూ సేటు పోనియ్యడం లేదనే రాయించాడు. చివరికి తానూ అది నమ్మినట్టే తిరిగాడు.

ఏడో ఏట, అంటే అరవై ఒకటిలో, మిషన్లు కడుగుతుండగా, ఊళ్లో వదిలి వచ్చిన భార్య గోవిందమ్మ రైలు దిగి వచ్చింది. ఊళ్లో పంచాయితీ అయింది. తండ్రి వదిలిన ఎర్రచెలకను అన్న గుర్వయ్య ఒక్కడే దున్నుకుంటున్నాడు. ఈ మృగశిరలో ఎల్లస్వామి తానే వచ్చి నాగలి కడితే సగం చెలక అతనిది, లేదంటే మొత్తం గుర్వయ్యదేనని పెద్దమనుషులు తేల్చారు. సాయంత్రం బండికి పోదాం లెమ్మంది గోవిందమ్మ.

ఎల్లస్వామి పీపలు చూపించాడు. ఎండితే పాడవుతాయని పాత పాటే పాడాడు. గోవిందమ్మ ఒక పీపను అటూ ఇటూ దొర్లించి చూసింది. సేద్యపు మనిషి, ఆమెకు చెక్క సంగతి ఒకరు చెప్పాలా! అప్పుడే సేటు పెరట్లోకి వచ్చాడు. ఆమె కొంగు సర్దుకుని అతన్నే అడిగింది.

“బండి చక్రం ఎండితే వాగుల రెండొద్దులు నానేస్తం. మళ్ల బిగుసుకుంటది. గీ పీపలకు ఏడాదంత కావలెందుకు సేటూ?”

తన అబద్ధం బయటపడిందనుకున్నాడు ఎల్లస్వామి. సేటు మాత్రం నవ్వాడు.

“నాకు తెల్వదా అమ్మా? మా నాయిన కిరాయిబండి కొట్టినోడే. మొదటి ఏడే ఎరుక. ఉంటనన్నడు, ఉండుమన్న. నేనేం కట్టేసిన్నా? పోతే పోనీ. శివరాత్రికి పిడి పట్టెటోన్ని ఇంకొకణ్ని చూసుకుంట.”

అంత నిదానంగా చెప్పి లోపలికి పోయాడు. సేటును బురిడీ కొట్టించానని ఆరేళ్లుగా మురిసిన ఎల్లస్వామికి, మోసపోయింది ఎవరో అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. గోవిందమ్మ ముఖం నల్లబడింది.

“ఆరేండ్లు గీ సేటును తిట్టుకుంట బతికిన” అంది.

సాయంత్రం ఆమె వెంట స్టేషనుకు పోయాడు. చేతులకంటిన ఆముదం కూడా కడుక్కోలేదు. పోతే శివరాత్రికి ఈ పని ఉండదు. సగం చెలక పండితే పండె, ఎండితే ఎండె. నాగలి పట్టి ఏడేళ్లు. అన్నతో రోజూ ముఖాముఖి. ఇక్కడైతే రెండు పూటలా కంచం ముందుకు వస్తుంది. దారంతా ఇవే లెక్కలు. బండి వచ్చి ఆగింది. గోవిందమ్మ ఎక్కి, తలుపు దగ్గర జాగా ఇచ్చి నిలబడింది.

“ఎక్కు” అంది.

ఎవరూ అతన్ని పట్టుకుని లేరు. సేటు పొమ్మన్నాడు, భార్య రమ్మంటోంది, రైలు కళ్ల ముందే ఉంది. అయినా కాళ్లు లేవలేదు. అన్నేళ్లూ ఎవరో ఒకరి మీద వేసిన నింద ఆ క్షణాన వేయడానికి మనిషి దొరకలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. బండి కదిలింది. గోవిందమ్మ మళ్లీ పిలవలేదు, తలుపు దగ్గర నుంచి లోపలికి జరిగి కూర్చుంది.

ఆ కార్తెలో చెలక మొత్తం గుర్వయ్యే దున్నాడు. గోవిందమ్మ తల్లిగారింటికి పోయింది. ఆ తర్వాత ఊరికెందుకు పోవని హోటల్లో ఎవరడిగినా ఎల్లస్వామి పీపల మాట ఎత్తలేదు.

“ఊళ్లె నాకేమున్నది?” అనేవాడు.

ఈసారి అది అబద్ధం కాదు.