మొలతాడుకు కట్టిన తాళం

శ్రీరాంపూర్ బొగ్గుబాయిల నేను షాట్‌ఫైరర్‌గ చేసిన. బొగ్గుకు రంధ్రాలు వేయించి, మందు కూరి, అందరినీ దూరం పంపి, కరెంటు డబ్బాల తాళంచెవి తిప్పి మందు పేల్చేటోన్ని. ఆ తాళం నా మొలతాడుకే ఉండాలె. మేనేజర్ అడిగినా ఇయ్యొద్దు. అన్నేండ్ల నౌకరీల ఒక్కసారి ఇచ్చిన. షిఫ్టు అయిపోవస్తుంటే నా దోస్తు, "ఇటియ్యిరా, నువ్వు నీళ్ళు తాగేలోపు పేల్చేస్త" అన్నడు. ఆ పేలుడుల వాని కుడిచేతి రెండు వేళ్ళు పోయినయి. విచారణల మాత్రం "వాడు ఇయ్యలే, నేనే గుంజుకున్న" అని చెప్పిండు. నా నౌకరీ నిలబడ్డది.

ఇప్పుడు వాని ఊపిరితిత్తుల నిండ దుమ్ము. అది బాయిలనే పట్టిందని మెడికల్ బోర్డు ఒప్పుకొని పరిహారం ఇయ్యాలంటే పాత ఎక్స్‌రేలు చూపాలె. మంచిర్యాలల ఒక చిన్న దవాఖాన ఉంది. రిటైరైన కార్మికుల ఫిలింలకు ఫోటోలు తీసి అక్కడి కంప్యూటర్ల దాచింది నేనే. నేను చదివింది ఐదో తరగతి. కంప్యూటర్ మాత్రం పాత పుస్తకాలు కొని, తప్పులు చేసి, తిట్టుకుంట నేర్చుకున్న. వాని ఫిలింలు చెమ్మకు అతుక్కపోతే, ఫోటోలు ఉన్నయి గదా అని పారేసింది గూడ నేనే.

దవాఖాన డాక్టరు బిడ్డ ఇంజినీరు. ఆ ఫోటోలు దాచే మా ప్రోగ్రామును కంటైనర్ల పెడతనన్నది. ప్రోగ్రాముకు కావలసిన సామానంతా సర్ది మూసిన పెట్టె అది. సామాను ఇంటర్నెట్ నుంచి తెచ్చి అమర్చేది ప్యాకేజీ మేనేజర్. దాన్ని ఆమె రూట్‌గ నడిపింది. రూట్ అంటే ఏదైనా రాయొచ్చు, ఏదైనా చెరపొచ్చు. తెర మీద హెచ్చరిక పడ్డది, రూట్‌గ నడపొద్దని.

"అది ఎప్పుడూ వస్తది తాతా" అని, హెచ్చరికను ఆపే లైన్ ఒకటి రాసింది. మల్ల నడిపితే హెచ్చరిక రాలే.

నేను తెర మీద వేలు పెట్టిన. "బాయిల గ్యాస్ ఉందని దీపం చెప్తే దీపం ఆర్పుతమా? సామాను పెట్టేటప్పుడు రూట్ కావాలె, ఒప్పుకుంట. పెట్టినంక రూట్ వదిలి మామూలు మనిషిగ దిగే లైన్ ఏది?"

"దిగితే ఎక్స్‌రేల ఫోల్డర్ల రాయనిస్తలేదు. అదంతా సరిచేయాలంటే చాన పని. సోమవారమే గదా నీ దోస్తుకు బోర్డు? అది అయినంక దింపుత. నువ్వేంది తాతా, ఇంకా బాయిలనే ఉన్నవు!"

ఆమె నవ్వింది. సోమవారానికి వాని ఫోటోలు కావాలె. "కానియ్యి" అన్న.

శుక్రవారం పెట్టెను మల్ల కట్టింది. తెచ్చిన సామానుల ఒక చిన్నది అప్పటికే ఎవలో దొంగల చేతుల్లోకి పోయిందట. ఏ వెర్షన్ కావాలో మేము రాయలే, వాళ్ళు మార్చిన కొత్తదే వచ్చి కూసున్నది. అప్పుడు మాకు తెల్వదు.

ఆదివారం పొద్దున ఫోల్డర్ చూస్తే పేర్లన్నీ ఉన్నయి. వాని ఫోటో నొక్కిన, తెరుచుకోలే. పక్కది నొక్కిన, అదీ తెరుచుకోలే. నేను చూస్తుండంగనే కింది ఫైళ్ళ టైము ఒక్కొక్కటిగ మారుతుంది. లోపల ఎవలో తాపీగ పనిచేస్తున్నరు, మేమిచ్చిన హక్కుతోనే. కంప్యూటర్ వైరు గుంజేసిన. నకళ్ళు దాచిన డిస్కు గూడ ఆ పెట్టెకే తగిలించి ఉండె. దాంట్ల గూడ అంతే.

ఆ పిల్ల ఫోన్ల ఏడ్చింది. "నీదేం లేదు తాతా, నేనే చేసిన అని చెప్త."

గా మాట నేను ఇదివరకు విన్న.

సోమవారం దోస్తు ఇస్త్రీ అంగీ తొడుక్కొని వచ్చిండు. "తెచ్చినవారా నా ఫోటోలు?"

"లేవురా. అన్నీ పోయినయి. ఆ పిల్ల నేనే చేసిన అంటుంది. తాళం ఇచ్చింది నేనే."

వాడు చానసేపు దగ్గిండు. దగ్గు ఆగినంక మూడు వేళ్ళ చెయ్యి నా భుజం మీద ఆనించి నిలబడ్డడు.

"ఈసారన్న బోర్డు ముందట నువ్వు చెప్తవా?"

"చెప్త."

"ఫిలింలు లేకుండ చెప్తే నమ్ముతరా?"

బోర్డు ఆఫీసుకు ఆటో పిలిచిన.