మూడో గుమ్మం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, దసరా వెళ్ళిన వారం. తెనాలిలో పొద్దున రైలెక్కి రేపల్లెలో దిగి, అక్కడి నుంచి బస్సులో నగరం మండలంలో ఒక ఊరికి వెళ్ళాను. ఇరవై రెండేళ్లుగా నా పని చెదలు పట్టిన ఇళ్లకు మందు కొట్టడం, అవి తిన్న చెక్క తీసేసి కొత్తది వేయడం. మా నాన్న వడ్రంగి కాబట్టి రెండు పనులూ వచ్చు. నాకో దుర్గుణం కూడా ఉంది. చెదలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకాలంటే నాకు భలే హుషారు. ఇంటివాళ్ళు దిగులుగా నిలబడి ఉంటే నేను లోపల పండగ చేసుకుంటుంటాను. పైకి కనబడనివ్వననుకోండి.

ఆ ఇల్లు వీరరాఘవయ్యగారిది. అరవై దాటిన వరి రైతు. నాలుగేళ్ల కిందట ఇల్లు బాగుచేయిస్తూ వీధి గుమ్మం మార్పించి, ముందు మెట్లు కొత్తగా కట్టించారు. ఆ గుమ్మాన్ని రెండేళ్లలో చెదలు తినేశాయి. ఇంకోటి పెట్టించారు. దాన్నీ వదల్లేదు. నేను స్క్రూడ్రైవరు పిడితో గుమ్మం మీద తట్టాను. గట్టి చెక్కయితే చెయ్యి అదురుతుంది. ఇది అట్టపెట్టెలా డొల్లగా మోగింది. మొన నొక్కితే పిడిదాకా దిగిపోయింది.

"పెరట్లో పుట్ట ఉంది మేస్త్రీ. అంతా దానివల్లే. మా ఇంటావిడకి అది దేవుడట, తవ్వనివ్వదు. ఇద్దరు కూలీలను పదకొండింటికి గడ్డపారలతో రమ్మన్నాను. ఈలోపు మీరో మాట చెబితే వింటుంది" అన్నారాయన.

ఆయన భార్య సీతారావమ్మగారు కాఫీ తెచ్చారు. గ్లాసు అందుకుంటూనే నేను పెద్ద తెలిసినవాడిలా మొదలుపెట్టాను. "పుట్ట పెట్టేది చెదపురుగులేనండి. దాన్ని తవ్వి మందు పోయకపోతే మూడో గుమ్మం పెట్టినా దండగే."

"పుట్ట చూశారా బాబూ?"

"లేదండి."

"చూడకుండానే చెప్పారా?"

గొంతు పెంచలేదావిడ. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. నిజంగా సిగ్గుపడ్డాను.

"కాపురానికొచ్చిన ఏడాది నుంచి చవితి చవితికీ అందులో పాలు పోస్తున్నానండి. మా పిల్లలిద్దరి చెవులకీ ఆ పుట్ట బంగారమే పెట్టాను. దాని మీద గడ్డపార పడితే ఈ ఇంట్లో నేను పొయ్యి వెలిగించను. ఈయనకీ చెప్పాను, మీకూ చెబుతున్నాను" అన్నారావిడ.

వీరరాఘవయ్యగారు నన్నే చూస్తున్నారు. టైము తొమ్మిదిన్నర. గంటన్నరలో కూలీలు వస్తారు. గుమ్మం సంగతి అటుంచితే, ఆ ఇంట్లో పెద్ద గొడవే అయ్యేలా ఉంది. కాఫీ గబగబా తాగేసి, "పుట్ట చూపించండి పిన్నిగారూ" అన్నాను.

పెరట్లో, గోడ వారగా, ఛాతీ ఎత్తున ఉంది పుట్ట. నాగుల చవితినాడు పాలు పోశాక పుట్ట మీది మట్టి కాస్త గోకి చెవులకు రాసుకుంటారు. పుట్ట బంగారం అంటే అదే. సీతారావమ్మగారు పక్కపక్కనే ఉన్న మూడు గుంటలు చూపించారు.

"ఇదివరకు నేను గోకిన చోట రెండు రోజుల్లో తడి మట్టి పెట్టి పూడ్చేసేవండి. ఇప్పుడలా పూడటం లేదు. ఇది కిందటి చవితిది. ఇది అంతకు ముందుది. ఇది ఆ ముందుది. అన్నీ అలాగే ఉన్నాయి."

ఎగిరి గంతేసినంత పని చేశాను. చెదల కాలనీ, అంటే రాణితో సహా ఒకచోట కాపురమున్న గుంపు, ప్రాణంతో ఉంటే ఇంటికి చిల్లు పడితే ఊరుకోదు. వెంటనే పూడ్చుకుంటుంది. ఆవిణ్ణి అడిగి ఒక గుంటలో వేలితో గీకాను. పొడి మట్టి రాలింది. లోపల సాలెగూడు.

"ఇందులో ఎవరూ లేరండి. ఎప్పుడో ఖాళీ చేసి పోయాయి."

"నాగేంద్రుడు ఉండొచ్చుగా" అన్నారావిడ. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

అయితే గుమ్మానికి చెదలు ఎక్కడి నుంచి వస్తున్నట్టు? అక్కడి నుంచి నాకు వేట మొదలైంది. చెదలు వెలుతురులో నడవవు. మట్టితో సన్నటి గొట్టం కట్టుకుని అందులోంచి వస్తాయి. దాన్ని మేము మడ్ ట్యూబ్ అంటాం. గుమ్మానికి ఎడమవైపు, అడుగున ఒకటి దొరికింది. గిల్లితే లోపల తెల్లటి పురుగులు పరుగులు. టార్చి పట్టుకుని, బోర్లా పడుకుని దాని వెంటే వెళ్ళాను. గడప కింద నుంచి బయటికి తిరిగింది. వరండా అంచున పగుల్లోకి దూరింది. పైమెట్టుకీ వరండాకీ మధ్య మాయమైంది. మెట్ల పక్కనే కుళాయి. పొలం నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కునేది అక్కడే. ఆ నీళ్ళన్నీ మెట్ల కిందికే ఇంకుతున్నాయి. సుత్తితో పైమెట్టు మీద కొట్టాను. డొల్ల.

"బాబాయిగారూ, ఈ మెట్ల కింద ఏం నింపించారండి?"

"మట్టి... ఇటుక ముక్కలు" అన్నారు వీరరాఘవయ్యగారు. ఉత్త మట్టిలో చెదలు ఇంతగా పెరగవు, చెక్కేదో ఉండాలండి అన్నాను నేను.

సీతారావమ్మగారు భర్త మొహం చూశారు. "ఏవండీ, మామయ్యగారి గుమ్మం ఏది? పొలం షెడ్డులో పెట్టించానన్నారు."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు.

"పొయ్యిలో పెట్టడానికి చేతులు రాలేదు. అమ్మబుద్ధి కాలేదు. నాన్న దగ్గరుండి చేయించిన గుమ్మం. వాకిట్లోనే ఉంటుందిలే అని తాపీమేస్త్రితో మెట్ల కింద పెట్టించాను. నీకు చెబితే నవ్వుతావని చెప్పలేదు."

నేను ఆవిడ నవ్వుతారనే అనుకున్నాను. ఇన్నాళ్ళూ పుట్టకు మొక్కుతోందని ఆవిణ్ణి ఎగతాళి చేసిన మనిషాయన. ఆవిడ నవ్వలేదు. "నాతో చెప్పొచ్చుగా" అన్నారంతే.

అప్పుడే కూలీలు గడ్డపారలు భుజాన వేసుకుని గేటు తీశారు. వాళ్ళు ముందు చెప్పినట్టే పెరటి దారి పట్టబోతే వీరరాఘవయ్యగారు కేకేశారు.

"అటు కాదు, ఇటు రండి. మెట్లు పగలగొట్టాలి."

మట్టి, ఇటుక ముక్కలు నాలుగు పొరలు తీశాక బయటపడింది పాత గుమ్మం. పట్టుకుంటే పొడైపోతోంది, చుట్టూ తడి మట్టి, లక్షణంగా కాపురం చేస్తున్న కాలనీ. అంత పెద్ద కాలనీ నేను అంతకుముందు చూడలేదు. పైకి కనబడనివ్వని హుషారు ఆ రోజు దాగలేదు, "దొరికింది" అని అరిచేశాను. మట్టంతా తీయించి, మందు పోసి, కుళాయి పక్కకు మార్పించి, వారం తిరక్కుండా మూడో గుమ్మం నిలబెట్టాను. పాత దాంట్లో జానెడు ముక్క ఒకటి గట్టిగా మిగిలింది. దానికి మందు పట్టించి, నునుపు చేసి, వీరరాఘవయ్యగారి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని భార్య చేతికిచ్చారు. ఆవిడ తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టారు.

ఆ మూడో గుమ్మం ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా ఉంది. ఇప్పుడు నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందుగా సుత్తి తీయను, పుట్ట మాట ఎత్తను. ఇంటాయన్నీ ఇంటావిణ్ణీ ఒకచోట కూర్చోబెట్టి, ఇద్దరినీ కలిపి ఒకటే అడుగుతాను: పాత గుమ్మం ఏం చేశారండి?