లప్పం కింద సొట్టలు

చువ్వల తాతకు ఆ పేరు పెట్టింది వీధి పిల్లలు. ఏ ఇంటి ముందు నుంచి వెళ్తున్నా గేటు చువ్వ మీద ఓ దెబ్బ వేసి, ఆ మోత విని, ఇంకో పదేళ్ళు ఢోకా లేదనో, దీని పని అయిపోయిందనో తీర్పు చెప్పందే కదలడు. అడిగినవాళ్ళెవరూ లేరు. అయినా ఆయన నోరు ఊరుకోదు.

అలాంటి మనిషి టీచరమ్మ ఇంటి రెయిలింగు దగ్గర మూడు రోజులుగా పెదవి విప్పలేదు. వీధి గదిని ఓ డాక్టరుకు అద్దెకిస్తున్నానని, పాత రెయిలింగు కొత్తదానిలా మెరవాలని ఆవిడ కబురు పెట్టింది. నువ్వు చేసిందే కదా అని గుర్తు కూడా చేసింది. ఆయన మరిచిపోతేగా!

ముప్ఫయ్యారేళ్ళ కిందట, పెళ్ళయిన మూడో నెలలో చేసిన పని అది. కొలిమి దగ్గర ఇద్దరూ కావాలి. ఎర్రగా కాలిన కమ్మిని ఆయన పట్టకారుతో దాగలి దిమ్మ మీద ఆనించి, చిన్న సుత్తితో ఒకచోట తట్టి, చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. ఎదురుగా నిలబడ్డ భార్య సరిగ్గా అక్కడే సమ్మెట వెయ్యాలి. కొత్త కదా, అంగుళం అటో ఇటో పడేది, కమ్మి సొట్టపోయేది. ఆయన కస్సుమనేవాడు. చివరికి సొట్టలన్నిటికీ లప్పం కూరి, పైన రంగు పూసి, టీచరమ్మ కంట పడకుండా మాయ చేశాడు.

"ఉండనీ, నేనూ చేశానని తెలుస్తుంది" అంది భార్య.

"తెలిస్తే నా పరువు పోతుంది" అన్నాడు.

ఆమె మళ్ళీ అడగలేదు. రెయిలింగు చూసినవాళ్ళంతా నీ చేతిలో ఏదో ఉందయ్యా అని మెచ్చుకుంటుంటే, ఈ మహానుభావుడు మీసం దువ్వుకుంటూ ఊరుకున్నాడు.

ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఏడు పొరల రంగు గీకేసరికి లప్పం పెళ్ళలు పెళ్ళలుగా రాలి, పదమూడు సొట్టలు బయటపడ్డాయి. ఒక్కోదాంట్లో బొటనవేలు పెట్టి చూశాడు. పని పట్టుబడ్డాక ఇద్దరూ కలిసి చేసిన గేట్లు వందలున్నాయి. వాటిలో ఆమె దెబ్బ ఎక్కడ పడిందో ఆయన కూడా చెప్పలేడు. గురి తప్పిన దెబ్బలే మిగిలాయి.

అడుగున తుప్పు తినేసిన కమ్మి ఒకటి మార్చక తప్పలేదు. కొట్టుకెళ్ళి కొలిమి రాజేశాడు. కమ్మి ఎర్రబడగానే దాగలి మీద పెట్టి, సుత్తితో ఒకచోట తట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని నిలబడ్డాడు. ఎంతకీ సమ్మెట పడలేదు. కమ్మి ఎరుపు తగ్గి నల్లబడింది. అప్పుడుగానీ ఎదురుగా ఎవరూ లేరన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఆమె కావాలనిపించింది. పనికి కాదు, ఊరికే అక్కడ నిలబడితే చాలనిపించింది. ముక్కు చీదుకుని కమ్మిని మళ్ళీ నిప్పుల్లో పెట్టాడు.

మర్నాడు టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుంటూ రెయిలింగంతా తడిమి చూసింది. ఈ సొట్టలేమిటి, లప్పం పెట్టు, వచ్చేపోయేవాళ్ళు నవ్వుతారు అంది.

"పెట్టనమ్మా" అన్నాడు తాత. "కావాలంటే ఇంకెవరినైనా పిలిపించుకోండి. నా చేత్తో మళ్ళీ పెట్టలేను. అవి మా ఆవిడ దెబ్బలు. అప్పుడు దాచేశాను. దాచొద్దని అడిగింది, వినలేదు."

టీచరమ్మ వంగి ఆ సొట్టల్ని ఇంకోసారి చూసింది. ఆ మాట నాకు అప్పుడే చెప్పాల్సిందయ్యా అని మెల్లగా మందలించి, రంగు పల్చగా వెయ్యమని లోపలికి వెళ్ళిపోయింది.

రంగు ఆరుతుండగా, సామాను దింపించడానికి వచ్చిన డాక్టరు రెయిలింగు దగ్గర ఆగి, సొట్టల మీద వేలు ఆడించాడు.

"కొట్టినవాళ్ళకి పని రానట్టుందే" అన్నాడు.

"అప్పుడు కొత్త బాబూ" అన్నాడు తాత, కుంచె తుడుచుకుంటూ. "తర్వాత ఒక్క దెబ్బ కూడా తప్పేది కాదు."