ఒట్టు పెట్టించింది నేనే

మాది మండవల్లి దగ్గర చేపల చెరువుల బతుకు. మబ్బు పట్టి నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. వెంటనే నీళ్లు కదిలించకపోతే ఏడాది కష్టం పోయినట్టే. అందుకే మా ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర ఉండదు.

పెళ్లయిన కొత్తలో తిరిగిన విశాఖపట్నం మళ్లీ చూడాలనిపించి, చెరువులు మరిదికి అప్పగించి మొన్న వెళ్లాం. హార్బరు దగ్గర నిలబడి కూడా మా ఆయన ఓడల్ని చూడరు, మబ్బుల్నే చూస్తారు. విసుగొచ్చి, తిరిగెళ్లేదాకా చెరువుల మాట ఎత్తనని ఆయన చేత ఒట్టు పెట్టించాను.

మర్నాడు పొద్దున్నే హోటల్ తోటలోకి వచ్చాం. అక్కడి చిన్న కొలనులో ఎర్రచేపలన్నీ నోళ్లు తెరుచుకుని పైకి తేలి ఉన్నాయి. అంతే, నాకు ఒళ్లు తెలియలేదు. "చేపలు పోతున్నాయండీ" అని అరుస్తూ మోకాళ్లదాకా దిగిపోయి, రెండు చేతులతో నీళ్లు బాదడం మొదలుపెట్టాను. కాఫీ తాగుతున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. తోటమాలి మేత డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు.

"వాటికేం కాలేదమ్మా. రోజూ ఈ టైముకి మేత వేస్తాను, దానికోసం వచ్చాయి" అన్నాడు.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. విశ్రాంతి తీసుకోవడానికి కూడా అలవాటు ఉండాలేమో, మాకది ఎప్పుడో పోయింది. మా ఆయన నవ్వలేదు. చెయ్యి అందించి పైకి లాగి, "ఇప్పుడు తమ్ముడికి ఫోన్ చెయ్యనా?" అని మెల్లగా అడిగారు.

తడిసిన చీర కుచ్చెళ్లు పిండుకుంటూ, "చెయ్యండి. ముందు నాకివ్వండి" అన్నాను.